గడిలో మాట, లెక్కలో సున్నా

దళితుల భూమి చరిత్ర రాయాలంటే పట్వారీ రాతల దగ్గరికి పోక తప్పదు. ఊళ్ళో ఎవరి పేర పట్టా ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఎంత దున్నుతున్నారు అనేది రాసిన కలం ఏ కులాల చేతిలో ఉండిందో మనకు తెలుసు. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీని ఇప్పటికీ మూల రికార్డుగా చూస్తారు. వంశపారంపర్య పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యేదాకా ఆ కలం చేతులు మారలేదు. దీని మీద మనవాళ్ళు చాలానే మాట్లాడారు. కానీ ఆ పహాణీలను ఇవాళ కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్లకు ఎక్కించేటప్పుడు మన చేతులతో మనమే చేసే తప్పు ఒకటుంది. దాని గురించి మాట్లాడుకోవాలి.

పహాణీలో విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు. 2.30 అని రాస్తే రెండెకరాల ముప్పై గుంటలు అని అర్థం. ఊళ్ళో ఏ రైతునడిగినా చెప్తాడు. యంత్రానికి ఆ సంగతి తెలియదు. అది చుక్కను దశాంశమే అనుకుంటుంది. చివరి సున్నాను తీసేసి 2.3 అని చూపిస్తుంది. తర్వాత చదివినవాడు దాన్ని రెండెకరాల మూడు గుంటలు అనుకుంటే, 27 గుంటలు అక్కడే పోయినట్టు.

ముగ్గురు దళిత రైతులకు లావుని పట్టా కింద 2.30, 1.25, 0.35 భూమి వచ్చిందనుకుందాం. సరిగ్గా కలిపితే 5 ఎకరాల 10 గుంటలు. యంత్రం 3.90 అంటుంది. దాన్ని ఎకరాలుగానే తీసుకుంటే 3 ఎకరాల 36 గుంటలు. అంటే ఎకరం 14 గుంటలు మాయం. ఏ దొరా ఆక్రమించలేదు, ఏ కోర్టూ కొట్టేయలేదు. చుక్కే మింగింది.

ఇక అసలు సంగతి. రెండో రైతు గడిలో 1.25 అని మాత్రమే కాక, "1.25 గుం. పట్టా రాలేదు" అని ఉందనుకుందాం. అక్షరం చేరగానే యంత్రం ఆ గడి మొత్తాన్ని మాటగానే చూస్తుంది. సమ్ అనే సూత్రంతో కాలమ్‌ను కూడితే ఆ గడిని దాటేసి మిగతా రెండింటినే కలుపుతుంది. తప్పు జరిగిందని ఒక్క మాట చెప్పదు. గడులను ఒక్కొక్కటిగా ప్లస్ గుర్తుతో కలిపితే కనీసం తప్పని చూపిస్తుంది. సమ్ మాత్రం మౌనంగా ఉంటుంది. వచ్చిన మొత్తాన్ని మనం వ్యాసంలో పట్టికగా వేస్తాం. తర్వాతి వాళ్ళు దాన్నే ఉదహరిస్తారు.

ఈ నష్టం అందరికీ సమానంగా జరుగుతుందా? జరగదు. పట్టా, కబ్జా, పేరు మూడూ ఒక్కడివే అయిన పెద్ద రైతు గడిలో ఉత్త అంకె ఉంటుంది. అంకె పక్కన మాట ఎవరికి పడుతుంది? సాగు చేస్తూ కూడా పట్టా లేనివాళ్ళకు. అన్నదమ్ముల మధ్య పంపకం కానివాళ్ళకు. అసైన్డు భూమి చేయి మారినవాళ్ళకు. 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకాలను నిషేధించినా, ఆ భూములు ఎట్లా చేతులు మారాయో మనకు తెలియంది కాదు. ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన సేత్‌సింధీ, నీరటి ఇనాముల్లాంటివి చేసేవాళ్ళ వాళ్ళకు. ఎవరి హక్కు తగాదాలో ఉందో వాళ్ళ అంకెకే మాట తోడవుతుంది. అందుకే మాటలున్న గడులను వదిలేస్తే పోయేది ఎక్కువగా మన లెక్కే.

మాటలు కలిశాయనే సాకుతో లెక్కలనే తొక్కిపెట్టిన ఉదాహరణ దేశం మొత్తానికి తెలుసు. 1931 జనగణనలో నమోదైన కులాలు 4,147. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణనలో కులాల పేర్లు 46 లక్షలు దాటాయని, ఆ వివరాలు వాడుకోవడానికి పనికిరావని కేంద్ర ప్రభుత్వం 2021లో సుప్రీం కోర్టుకు చెప్పింది. అన్ని కులాలు ఈ దేశంలో లేవు. ఒకే కులాన్ని పది రకాలుగా రాస్తే యంత్రానికి పది కులాలు. ఇంటిపేరు, గోత్రం, ఉపకులం ఒకే గడిలోకి వచ్చి పడ్డాయి. ఓపికగా విడదీయాల్సిన పని అది. విడదీయకుండా పనికిరాదనడం రాజకీయం.

మరి మనం ఏం చేయాలి? పద్ధతి కష్టమైనదేమీ కాదు. పహాణీలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఒక కాలమ్‌లో ఉంచాలి, దాన్ని ఎన్నడూ దిద్దకూడదు. పక్కన ఎకరాలకు ఒకటి, గుంటలకు ఒకటి, మాటలకు ఒకటి వేరే కాలమ్‌లు పెట్టాలి. కూడేటప్పుడు గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలపాలి. సర్వే నంబర్ల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టకపోతే 12/3 అనే నంబరు తేదీగా మారిపోతుంది. కౌంట్ సూత్రం అంకెలున్న గడులనే లెక్కిస్తుంది, కౌంట్ఎ ఖాళీ కాని గడులన్నిటినీ లెక్కిస్తుంది. రెండింటికీ తేడా వస్తే అన్ని గడుల్లో మాట దాగి ఉందన్నమాట. ఈజ్‌నంబర్ సూత్రం అవి ఏవో గడిగడికీ చెప్తుంది. సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టినా అక్కడ దొరికిపోతుంది.

దొరికిన మాటను చెత్త అని తుడిచేయకూడదు. "పట్టా రాలేదు" అనేది చరిత్రకు అంకె కన్నా పెద్ద ఆధారం. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. దున్నేవాళ్ళ పేరు రాసుకునే చోటే పోయింది. 2025 ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి నాడు ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. పోర్టళ్ళు మారుతుంటాయి. పాత పహాణీలో దున్నినవాడి పేరు, అంకె పక్కన మాట ఇంకా ఉన్నాయి. రాజ్యం ఒక కాలమ్ తీసేస్తే మనం నిలదీస్తాం. మన పట్టికలో ఒక గడి రాలిపోతే నిలదీయాల్సింది ఎవరిని?