రాతి మండపంలో నీ వంతు

కరెంటు పోయింది. మిద్దె మీద బల్ల చుట్టూ నలుగురున్నారు. మధ్యలో ఎమర్జెన్సీ లైటు, ఉగ్గాని ప్లేట్లు, ఇరవై ముఖాల పాచిక. అనంతపురంలో మే నెల. రాత్రి తొమ్మిదైనా గచ్చు ఇంకా కాళ్ళను కాలుస్తూనే ఉంది. ఆట నడిపే అక్క అట్ట తడిక వెనక నుంచి నీ వైపు వంగుతుంది.

"నడినెత్తిన ఎండ. లేపాక్షి నంది ముందర నిలబడినావు. చేతిలో సమ్మెట, నడుముకు ఉలి, తిత్తిలో రెండు గుక్కల నీళ్ళు. ఏం జేస్తావ్?"

తలెత్తి చూస్తావు. ఒకే బండలో చెక్కిన నంది, మెడలో రాతి గంటలు. దాని చూపు గుడిలోని ఏడు పడగల నాగలింగం వైపు. నీ చుట్టూ మాత్రం ఎర్రమన్ను, నెర్రెలు. బుడ్డల చేలో విత్తనం పడనే లేదు. నైరుతి మేఘం పడమటి కనుమల మీదే తడి దించేసి, ఇక్కడికి ఉత్త గాలిగా వస్తుంది. ఈశాన్యపు వాన తీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ కురిస్తే. ఈ లెక్క నీకెవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడే పుట్టావు.

ఊరి పెద్దలు చెప్పింది ఒకటే మాట. గుడి వెనక సగంలో ఆగిన కల్యాణమండపం కింద ఊట ఉంది. దాని మీద ఒకతె కూర్చుంది. జుట్టంతా పాములు. ఆమె కళ్ళలోకి చూసినవాడు రాయైపోతాడు.

గ్రీకుల గోర్గాన్ లేపాక్షిలో ఏం చేస్తోంది? 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట ఇది. దానికి 2020లో 'మిథిక్ ఒడిస్సీస్ ఆఫ్ థీరోస్' అనే పుస్తకం వచ్చింది. థీరోస్ అంతకు ముందే, 2013లో, 'మ్యాజిక్' కార్డుల ఆటలో పుట్టిన లోకం. గ్రీకు పురాణాల నీడలో అల్లినది. పదిహేను మంది దేవుళ్ళు, వాళ్ళు మసలే రాత్రి ఆకాశం, వాళ్ళ అలకలు, పంతాలు. అక్క ఆ నియమాలన్నీ తెచ్చుకుంది. నేల మాత్రం మనదే పరిచింది.

తెచ్చిన దేవుళ్ళు ఈ నేల మీద ఇమడరనే వాళ్ళుంటారు. నాకు అలా అనిపించదు. కూతుర్ని పాతాళానికి ఎత్తుకుపోయారని దెమెతర్ తల్లి దుఃఖపడితే, భూమి మొలకెత్తడం మానేసిందని గ్రీకుల కథ. ఆ కథ వినడానికి అనంతపురం కంటే తగిన చోటు ఎక్కడుంది? వాన కోసం విరాటపర్వం చదివించిన ఊళ్ళు మనవి. రోకలికి కప్పను కట్టి, ఇంటింటా బిందెడు నీళ్ళు పోయించుకున్న తల్లులు మనవాళ్ళు. దేవుడు అడుగుతాడనీ, ఇస్తే గానీ ఇవ్వడనీ మనకు తెలుసు. థీరోస్ ఆట నడిచేది కూడా ఆ అడగడం మీదే.

అక్క అడుగుతోంది. "కెరానోస్, పిడుగుల దేవుడు, నిన్ను గమనిస్తున్నాడు. తిత్తిలో నీళ్ళు తాగుతావా? ఆయన పేరు చెప్పి నేల మీద పోస్తావా?"

నాలుక అంగిట్లో అతుక్కుంటోంది. లోపల ఆమెతో పోరాడాలి. తాగితే ఒంట్లో బలం. పోస్తే? ఈ లోకంలో భక్తికీ ఓ అంకె ఉంది. దేవుడికి నచ్చిన పని చేస్తే పెరుగుతుంది, నచ్చనిది చేస్తే తరుగుతుంది. మూడు, పది, ఇరవై అయిదు, యాభై మెట్ల దగ్గర వరాలు. నీది ఇప్పుడు రెండు.

పోస్తావు. మట్టి చుయ్యిమని పీల్చేసుకుంటుంది. అక్క నీ కాగితం మీద రెండు కొట్టేసి మూడు వేస్తుంది. బావ తల పట్టుకుంటాడు. "ఉన్న రెండు గుక్కలూ పోస్తివి గదా!"

గుడి ఉన్న గుట్ట, కూర్మశైలం, ఎక్కుతారు. బావ ఆడేది దొంగ, తమ్ముడు ఆడేది గాయాలు మాన్పే పూజారి. నాట్యమండపంలో నీడ. ఒక స్తంభం దగ్గర తమ్ముడు వంగి, కండువా కింద నుంచి దూర్చి లాగుతాడు. గుడ్డ ఇవతలికి వచ్చేస్తుంది. వేలాడే స్తంభం. లేపాక్షి వచ్చినవాళ్ళంతా చేసే పనే. ఇప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

వెనక్కి వస్తారు. కల్యాణమండపం. స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. పక్క గోడ మీద రెండు ఎర్రటి మరకలు. అచ్యుతదేవరాయల కాలంలో ఈ గుడి కట్టించిన విరూపన్న ఖజానా సొమ్ము వాడాడని, కళ్ళు తీయమని ఆజ్ఞ అయితే తానే పెరికి ఈ గోడకు కొట్టాడని ఊళ్ళో చెబుతారు. పని అక్కడే ఆగింది.

స్తంభాల మధ్య ఇంకొన్ని శిల్పాలు. దగ్గరికి వెళ్తావు. ఒకడి చెయ్యి ముఖానికి అడ్డంగా ఉంది. ఇంకొకడి నోరు తెరిచి ఉంది.

ఇవి ఉలి పని కాదు.

బుస్సుమన్న చప్పుడు. ఎడమ వైపు.

"చూస్తావా? కళ్ళు మూసుకుంటావా?"

చూస్తే గురి కుదురుతుంది. రాయయ్యే ప్రమాదమూ ఉంది. మూసుకుంటే పాచిక రెండుసార్లు వేసి, తక్కువదే తీసుకోవాలి. గోడ మీది మరకలు గుర్తొస్తాయి.

మూసుకుంటావు.

చీకటి. పాముల బుసలు. మట్టి వాసన... కాదు, తడి వాసన. ఊట నిజమే!

పాచిక. పదిహేడు. మళ్ళీ. పదిహేను. చాలు. సమ్మెట దిగుతుంది. తమ్ముడి మంత్రం తగులుతుంది, బావ కత్తి దిగుతుంది. ఆమె కూలుతుంది.

బావ ఎగిరి గంతేస్తాడు. అక్క నవ్వదు.

"చర్మం చిట్లుతోంది."

ఈ పాముల జుట్టామె పేరు హైథోనియా. ఆమె అంతే. ఒకసారి చంపితే చావదు. రాతి పొర వదిలేసి మళ్ళీ లేస్తుంది. ఏమైందోనని తమ్ముడు కళ్ళు తెరుస్తాడు.

తెరిచాడు.

"పాదాలు బరువెక్కినాయి. రాయి మోకాళ్ళ దాకా వచ్చింది."

వాడికి ఇంకొక్క పాచికే ఉంది. ఆమె వాడి మీదికే వెళ్తోంది. నువ్వు కొట్టొచ్చు. లేదా అడ్డం పడొచ్చు. రెండూ కుదరవు.

"అడ్డం పోతా."

గోళ్ళు. రొమ్ము మీద మంట. నీ ప్రాణం అంకె సున్నా.

పడిపోయావు. ఇక నీది ఒకటే పని. పాచిక వెయ్యాలి. పది, ఆపైన పడితే మేలు. తక్కువైతే కీడు. ముందు మూడు ఏది నిండితే అదే.

పదమూడు.

ఆరు.

తమ్ముడు ఊపిరి బిగబడతాడు.

ఒకటి.

ఒకటి పడితే రెండు కీడుల కింద లెక్క. మూడు నిండాయి.

ఎవరూ మాట్లాడరు. అక్క గొంతు తగ్గిస్తుంది. "నది ఒడ్డున నిలబడినావు. చచ్చినోళ్ళను దాటించే దేవుడు అథ్రియోస్ పడవ వచ్చింది. ఆవల చావు దేవుడు ఎరెబోస్ రాజ్యం. పోతావా?"

"వెనక్కి రాలేనా?"

"మోసాల దేవుడు ఫీనాక్స్ చూపిన దారి ఒకటుంది. రావచ్చు. ముఖం ఉండదు, బంగారు ముసుగు పెట్టుకోవాల. పేరు, అమ్మ, ఊరు, ఈ ఊట, ఏదీ గుర్తుండదు. ఆలోచించుకో."

రాతి మోకాళ్ళతో తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె ఇంకా అక్కడే ఉంది. నీళ్ళు ఇంకా బండ కిందే ఉన్నాయి.

బావ వైపు తిరుగుతావు. "నేను మర్చిపోతా. నీళ్ళు ఏ బండ కింద ఉండాయో నువ్వు చెప్పాల."

"చెప్తా."

పెన్ను తీసి, కాగితం మీద నీ పేరుకు నువ్వే అడ్డగీత కొడతావు. పాచిక అందుకుంటావు.

"ఇప్పుడు ఎవరి వంతు?"