బేబీ బయోమ్ స్టడీ

బేబీ బయోమ్ స్టడీ అనేది నవజాత శిశువుల పేగుల్లో సూక్ష్మజీవులు ఎలా చేరతాయో, ప్రసవ విధానం వాటిని ఎలా మారుస్తుందో పరిశీలించిన బ్రిటన్ అధ్యయనం. వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్, యూనివర్సిటీ కాలేజ్ లండన్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కలిసి దీన్ని నిర్వహించాయి. ఫలితాలు 2019 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వెలువడ్డాయి.

వయోజనుడి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా, అత్యధికం పెద్దపేగులోనే. అవి జీర్ణం కాని పీచును పులియబెట్టి పేగు గోడ కణాలకు శక్తినిచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి, రోగనిరోధక వ్యవస్థకు తర్ఫీదునిస్తాయి.

ఈ అధ్యయనంలో నెలలు నిండి పుట్టిన 596 మంది శిశువుల మలం నమూనాలను 4, 7, 21వ రోజుల్లో సేకరించి, డీఎన్ఏను విశ్లేషించారు. కొందరిని మరికొన్ని నెలలు అనుసరించారు. వీరిలో 314 మంది సహజ ప్రసవంలో, 282 మంది సిజేరియన్‌లో పుట్టారు. సిజేరియన్ శిశువుల్లో ఎక్కువమందికి తల్లి నుంచి రావలసిన బాక్టీరాయిడీస్ అనే పేగు బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంది, లేదా అసలు లేదు. ఆ చోటును ఎంటరోకాకస్, క్లెబ్సియెల్లా వంటి ఆసుపత్రి వాతావరణపు బ్యాక్టీరియా ఆక్రమించాయి. కోతకు ముందు తల్లికిచ్చే యాంటీబయాటిక్ కూడా ఇందుకు కారణం కావచ్చు.

అధ్యయనంలో అతి ముఖ్యమైన ఫలితం మరొకటి: సహజ ప్రసవంలో శిశువుకు చేరేవి ప్రధానంగా తల్లి పేగు బ్యాక్టీరియా, యోనిలోనివి కావు. సిజేరియన్ శిశువులకు యోని స్రావాన్ని పూసే పద్ధతికి ఉన్న ఆధారాన్ని ఇది బలహీనపరిచింది.

తొలి ఏడాదిలోనే ఈ తేడాలు చాలావరకు తగ్గాయి. దీర్ఘకాలిక ఆరోగ్యంపై వాటి ప్రభావాన్ని ఈ అధ్యయనం నిర్ధారించలేదు. వైద్యపరంగా అవసరమైన సిజేరియన్‌ను మానుకోవడానికి ఇది ఆధారం కాదు.