తిరుపతి కానుకలు – కర్ణాటక యుద్ధములు

ఎచ్చటనైన యుద్ధము పుట్టెనని విన్నంతనే, ‘ఇది యే మతమువారికిని ఏ మతమువారికిని?’ అని యడుగుట మన కలవాటైనది. ‘దీనికి సొమ్మెక్కడిది?’ అని యడుగువా రరుదు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశముల కేగ నక్కఱలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో తిరుపతి కొండ చుట్టును జరిగిన చరిత్రను పరికించిన చాలును.

1740 మే 20వ తేదీని చిత్తూరు సీమలోని దామలచెఱువు కనుమయందు రఘూజీ భోంస్లే నడపిన మహారాష్ట్ర సైన్యము ఆర్కాటు నవాబు దోస్తు ఆలీఖానును ఓడించెను. నవాబు రణరంగముననే కూలెను. పైపైని చూచువారికిది హిందూ మహమ్మదీయుల పోరువలె దోచును. కాని మహారాష్ట్రుల ముఖ్యమైన కోరిక చౌతు బాకీ. నవాబు కుమారుడు సఫ్దరు ఆలీ ధనమిచ్చుట కొడంబడగనే సంధి కుదిరెను.

ఆ తరువాత ఆర్కాటు గద్దెకై పోరాడిన మహమ్మదాలీయు చందాసాహేబును ఇరువురును ముసల్మానులే. వారి వెనుక నిలిచిన ఆంగ్లేయులును ఫ్రెంచివారును ఇరువురును క్రైస్తవులే. తనకై సైన్యములను బంపిన ఆంగ్ల కంపెనీకి మహమ్మదాలీ ఋణపడి, ఆ బాకీ క్రింద కొన్ని సీమల రాబడిని వ్రాసియిచ్చెను. అందు తిరుపతి దేవాలయపు ఆదాయమును చేరెను. దేశము నలుమూలలనుండి వచ్చు యాత్రికులు మ్రొక్కుబడులుగా సమర్పించిన కానుకలు ఇజారాదారుల చేతులమీదుగా ప్రభుత్వమునకు జేరుచుండెను. 1753లో మహమ్మదు కమాలను సేనాని ఈ రాబడిపై గన్నువేసి తిరుపతిపై దండెత్తెను. కంపెనీవారు సేనను బంపిరి. అతడు పట్టుబడి చంపబడెను. ముసల్మాను నవాబుయొక్క బాకీ తమకు చెల్లుటకై క్రైస్తవ వర్తకులు ముసల్మాను సేనాని బారినుండి హిందూ దేవాలయమును గాపాడిరి! ఇందే మతము ఏ మతముతో పోరాడినదో చదువరులే చెప్పవలెను.

1756 మొదలు 1763 వఱకు సాగిన యుద్ధము కనడాలోను, జర్మనీలోను, మన కర్ణాటకములోను ఏకకాలమున రగిలెను. ఆ దినములలోనే, 1758 ప్రాంతమున, నవాబు సోదరుడు అబ్దుల్ వహాబుఖాను చంద్రగిరి దుర్గమును చేతనుంచుకొని, ఆ బలముచే తిరుపతికి సంరక్షకుడనని చెప్పుకొనెను. కోట యెవరిదో సంరక్షణము వారిది. సంరక్షణ మెవరిదో రాబడిపై పలుకుబడి వారిది. గోవిందనామము స్మరించుచు కొండ యెక్కిన యాత్రికుడు తన ముడుపులో కొంతభాగము ఖండాంతరములలో జరుగుచున్న కలహమునకు తోడ్పడునని కలనైన దలపలేదు.

మఱి యిరువదియేండ్లకు మరల నట్లే జరిగెను. అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడగా, 1778లో ఫ్రాన్సు వానికి తోడయ్యెను. ఆ కారణమున ఆంగ్లేయులు 1779లో మలబారు తీరమందలి ఫ్రెంచి రేవగు మాహేను బట్టిరి. ఆ రేవు హైదరాలీకి సైనిక సామగ్రి వచ్చు ద్వారము. అతని కోపమునకిది యొక ముఖ్యకారణము. మహారాష్ట్రులతోడను నిజాముతోడను పొత్తు కుదుర్చుకొని 1780లో అతడు కర్ణాటకముపై బడెను. గ్రామములు పాడుపడెను, రైతులు కాందిశీకులైరి. 1782లో చంద్రగిరి అతని వశమయ్యెను. ఆ సంవత్సరమే డిసెంబరు 7వ తేదీని చిత్తూరు చేరువ నరసింగరాయనిపేట దండులో హైదరు మరణించెను. టిప్పు వచ్చువఱకు ఆ వార్త పొక్కకుండ గాపాడినవారిలో బ్రాహ్మణ మంత్రి పూర్ణయ్య యొకడు.

ఇన్ని సేనలు త్రొక్కిన సీమలో తిరుమల ఆలయము చెక్కుచెదరక నిలిచినది. భక్తులు దీనిని స్వామి మహిమ యందురు. ఆ విశ్వాసముతో మాకు వాదులేదు. చరిత్ర చెప్పు కారణము మాత్రమింకొకటి కలదు: పాడియావును చంపుకొను గొల్లడుండడు.

అట్లని మతమునకు యుద్ధములతో సంబంధమే లేదని మేమనము. జనుల విశ్వాసమే సైన్యములను గూర్చిన సందర్భములు లోకమున పెక్కు కలవు. ఐనను, మతయుద్ధముగా బేరుగన్న యూరపుఖండపు ముప్పదియేండ్ల యుద్ధములో (1618–48) కథోలిక ఫ్రాన్సు ప్రొటెస్టంటు స్వీడనుకు ధనమిచ్చి ప్రోత్సహించెను. మతము పతాకముపై నుండవచ్చును. లెక్కలపుస్తకమును విప్పినగాని యుద్ధముయొక్క నిజస్వరూపము తెలియదు.

1801లో కర్ణాటకము కంపెనీ వశమైన పిదప ఆలయ పరిపాలనము దొరల చేతికి వచ్చెను. 1821లో బ్రూసు కోడను నిబంధనావళి యేర్పడెను. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహాలయములను నడపరాదని మిషనరీలు గోలచేయగా, 1843లో పాలనమును హాథీరాంజీ మఠపు మహంతున కప్పగించిరి. దొరల చేయి దేవాలయమును దాకుట దోషమని వారు వాదించిరి. అంతవఱకు కంపెనీ బొక్కసమున జేరిన కానుకల మాట యెత్తినవా రరుదు. 1933లో చట్టప్రకారము దేవస్థాన సంఘము పాలనము స్వీకరించెను.

యాత్రికుని భక్తియందు దోషములేదు. కానుక వేసినంతనే తన ధర్మము తీరినదనుకొనుటయే లోపము. అతనికి లెక్కయడుగు నధికారము నాడు లేకపోయెను. మనకు కలదు. గుడికి గాని, మఠమునకు గాని, మసీదునకు గాని, ప్రభుత్వమునకు గాని సొమ్మిచ్చు ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు, అది యెందులకు వినియోగమగుచున్నదో యడుగవలెను. శాంతిని గోరుచు ప్రార్థించుట మంచిదే. మన ప్రార్థనతోడి సొమ్ము తుపాకిమందు కాకుండ జూచుకొనుటయు ఆ ప్రార్థనలో భాగమే.