టేకాఫ్ సమయంలో అడ్డగాలి: చిన్న విమానాలకు ఎందుకు ప్రమాదం?

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన కొత్త విమానాశ్రయాల్లోనూ ఈ ఊరి పేరుంది. పైలట్ కావాలనుకునే పిల్లలున్న ఇళ్లలో అడ్డగాలి గురించి తెలిసి ఉండాలి.

అడ్డగాలి అంటే?

గాలికి ఎదురుగా పరుగెడితే విమానం త్వరగా పైకి లేస్తుంది. కానీ రన్‌వే దిశ మారదు, గాలి దిశ మారుతుంది. పక్క నుంచి కొట్టే గాలినే అడ్డగాలి, క్రాస్‌విండ్ అంటారు. ఏలూరు, కొల్లేరు వైపు వేసవి సాయంత్రాల్లో మామిడికాయలు రాల్చే ఈదురుగాలులైతే నిమిషాల్లోనే దిశ, వేగం రెండూ మార్చేస్తాయి.

లెక్క ఎలా?

20 నాట్ల గాలి, అంటే గంటకు 37 కి.మీ., రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వీస్తే పక్క నుంచి పడేది 10 నాట్లే. 90 డిగ్రీలైతే మొత్తం 20 నాట్లూ పక్క నుంచే. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 152ను 12 నాట్లు, సెస్నా 172ను 15 నాట్ల అడ్డగాలి వరకు కంపెనీ పరీక్షల్లో నడిపి చూపింది.

ఏం జరుగుతుంది?

గాలి తోక రెక్కను నెడుతుంది, ముక్కు గాలివైపు తిరుగుతుంది. గాలి వచ్చే వైపు రెక్క లేస్తుంది. పైలట్ ఆ రెక్కను అణిచిపెట్టి, రడ్డర్‌తో ముక్కును నిటారుగా ఉంచాలి. ఆలస్యమైతే విమానం రన్‌వే పక్కకు దిగిపోతుంది. తగినంత వేగం రాకుండానే లేపితే స్టాల్ అయి కూలుతుంది.

షయెన్ ప్రమాదం

1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షయెన్‌లో ఉరుముల వాన, ఈదురుగాలుల మధ్య బయలుదేరిన సెస్నా 177 వెంటనే కూలింది. రికార్డు కోసం దేశం దాటాలనుకున్న ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, శిక్షకుడు చనిపోయారు. కారణం గాలి ఒక్కటే కాదు. విమానంలో పరిమితికి మించిన బరువుంది, ఎత్తైన ప్రదేశం కావడంతో గాలి పలుచగా ఉంది. ఎలాగైనా అనుకున్న టైముకి చేరాలన్న తొందర కూడా తోడైందని దర్యాప్తు తేల్చింది.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. గంట గంటకూ డబ్బే కాబట్టి తొందర సహజం. చేర్పించే ముందే విద్యార్థులకు అడ్డగాలి పరిమితి ఎంత, ఎగరొద్దని చెప్పేది ఎవరు అని అడగండి. ‘ఈరోజు గాలి ఎక్కువ, ఎగరలేదు’ అని పిల్లలు ఫోన్ చేస్తే ఫీజు గుర్తు చేయకండి, మంచి పని చేశావని చెప్పండి.