ఇంటిపేరు లేనివాళ్ళ జాడ: డెన్మార్క్ సిపాయి చిట్టాలు

మన తమిళనాడు తెలుగు ఇళ్ళల్లో చాలామందికి ఇంటిపేరు కాగితం మీద లేదు. బడిలో చేర్చేటప్పుడు నాన్న పేరులో మొదటి అక్షరం ముందు పెట్టేస్తారు, అంతే. తాత ఇనిషియల్ వేరు, నాన్నది వేరు, మనది వేరు. అందుకే డెన్మార్క్ పాత పేర్ల పద్ధతి మనకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. హాన్స్ కొడుకు యెన్స్ అయితే అతను యెన్స్ హాన్సెన్. ఆ యెన్స్ కొడుకు పేడర్ అయితే పేడర్ యెన్సెన్. నిలకడైన ఇంటిపేరు పెట్టాలని 1828లో రాజాజ్ఞ వచ్చినా పల్లెల్లో పాత అలవాటు చాలాకాలం పోలేదు. ఒకే చోట నలుగురు యెన్స్ హాన్సెన్‌లు ఉంటే, అందులో తన ముత్తాత ఎవరో ఎలా తేల్చుకోవడం?

డెన్మార్క్ మనకు మరీ పరాయిదేం కాదు. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, తరంగంబాడిలో డేన్లకు చోటిచ్చాడు. 1845లో వాళ్ళు దాన్ని ఇంగ్లీషువాళ్ళకు అమ్మేశారు. ఆ ఊరి సంగతుల కోసం డేనిష్ కాగితాల వైపు చూస్తుంటేనే ఈ చిట్టాలు మా కంటపడ్డాయి. ముందే చెప్పేస్తాం, ఇవి డెన్మార్క్ పల్లెల చిట్టాలు. తరంగంబాడిలో కొలువు చేసిన మనవాళ్ళను వీటిలో వెతకొద్దు.

1733లో అక్కడ ఒక కట్టుబాటు పెట్టారు. రైతుకుటుంబాల్లో 14 నుంచి 36 ఏళ్ళ మగవాళ్ళు జమీందారు ఎస్టేటు విడిచి పోకూడదు. 1764 నాటికి అది నాలుగేళ్ళ పిల్లాడి నుంచి నలభై ఏళ్ళ దాకా పాకింది. సైన్యానికి ఎవర్ని పంపాలో జమీందారే ఎంచేవాడు. ఎదురు మాట్లాడేవాణ్ణి బెదిరించడానికి అంతకన్నా మంచి కర్ర ఏముంటుంది? 1788 జూన్ 20న ఆ కట్టు తెంచారు. మనుషుల్ని లెక్కగట్టే పని జమీందారు చేతిలోంచి సర్కారు చేతికొచ్చింది. అలా పుట్టినవే ఈ చిట్టాలు, వాళ్ళ మాటలో లేగ్డ్స్‌రుల్లె. లేగ్డ్ అంటే సిపాయిల లెక్కకోసం గీసిన హద్దు, మామూలుగా ఒక చర్చి పారిష్.

రైతుకుటుంబంలో మగబిడ్డ పుడితే చాలు, ఊయలలో ఉండగానే పేరు ఎక్కేది. 1849లో అన్ని వర్గాల మగవాళ్ళకూ సైనిక బాధ్యత వచ్చింది, ఆ తర్వాత పుట్టుక నుంచి కాక పదిహేనేళ్ళప్పుడు రాసుకున్నారు, 1869 నుంచి పదిహేడేళ్ళకు. కాబట్టి 1849కి ముందు పట్నం వర్తకుడి కొడుకు దొరకలేదని దిగులుపడక్కర్లేదు, అతను అందులో ఉండడు. తీరం ఊళ్ళ నావికుల చిట్టాలు కూడా వేరు.

అసలు సొగసు అంకెల్లో ఉంది. మూడేళ్ళకొకసారి పెద్ద చిట్టా తిరగరాసేవారు, మధ్య ఏళ్ళలో కొత్తగా చేరినవాళ్ళకు చిన్న చిట్టాలు. ప్రతి మనిషి పక్కనా రెండు నంబర్లు: పాతది, కొత్తది. ఈ చిట్టాలో కొత్త నంబరే వచ్చే చిట్టాలో పాత నంబరు. తండ్రి పేరు, కొడుకు పేరు, పుట్టిన చోటు, వయసు, ఎత్తు అన్నీ ఒక వరసలో ఉంటాయి. పాలేరు పనికి ఇంకో ఊరికి పోయాడా, ఏ లేగ్డ్‌కు పోయాడో, అక్కడ ఏ నంబరో పక్కన రాసుంటుంది. పేరు పట్టుకుంటే దారి తప్పుతాం, నంబరు పట్టుకుంటే మనిషి వెంట నడవొచ్చు. సెంటు భూమి లేక, దస్తావేజులో ఎక్కడా పేరు పడని కూలివాడు కూడా ఊరూరా కనిపిస్తాడు. వలసవచ్చిన మన పెద్దల్లో భూమి ఉన్నవాళ్ళ కాగితాలే మిగిలాయి. ఇది చూస్తే కొంచెం అసూయ పుడుతుంది, నిజం చెప్పాలంటే.

ఎత్తు దగ్గర కాస్త జాగ్రత్త. డేనిష్ అంగుళం మన అంగుళం కన్నా పెద్దది, 2.615 సెంటీమీటర్లు. 63 అని రాసుంటే మనిషి 160 కాదు, దాదాపు 165 సెంటీమీటర్లు.

వెతకాలంటే ముందు పుట్టిన పారిష్, ఏడాది తెలియాలి. అవి చర్చి రిజిస్టర్లలో దొరుకుతాయి. తర్వాత ఆ పారిష్ లేగ్డ్ నంబరు పట్టుకోవాలి. డెన్మార్క్ జాతీయ ఆర్కైవ్స్ ఈ చిట్టాల స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. పాత చేతిరాత కూడబలుక్కోవడానికి మాత్రం ఓపిక కావాలి.

ఆడవాళ్ళు మాత్రం వీటిలో లేరు. అక్కచెల్లెళ్ళు, తల్లి కావాలంటే అన్నదమ్ముడు ఏ పల్లెలో ఉన్నాడో ఇక్కడ చూసుకుని, 1801, 1834, 1840 జనాభా లెక్కల్లో ఆ పల్లె ఇళ్ళు వెతకాలి. వాటిలో ఇల్లాలి పేరు, పిల్లల పేర్లు, వయసులు అన్నీ ఉంటాయి.