1991 విదేశీ చెల్లింపుల సంక్షోభం

విదేశీ మారక ద్రవ్య నిల్వలు అడుగంటి, దిగుమతులకూ పాత అప్పుల వాయిదాలకూ డాలర్లు దొరకక 1990-91లో భారతదేశం ఎదుర్కొన్న ఆర్థిక సంక్షోభం. రూపాయి విలువ తగ్గింపు, పారిశ్రామిక లైసెన్సుల రద్దు, సుంకాల కోత దీని వెంటనే వచ్చాయి.

కారణాలు

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము తగ్గింది, లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. చాలా రచనలు సంక్షోభాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతాయి. అయితే 1991 జనవరిలోనే చమురు ధర తిరిగి దిగివచ్చింది. నిల్వల పరిస్థితి మాత్రం జూన్ నాటికి మరింత దిగజారింది. అందువల్ల మూలాన్ని అంతకుముందు దశాబ్దంలో వెతకడమే సమంజసం. 1980లలో ఏటా సుమారు 5.5 శాతం వృద్ధి కనిపించినా, అందులో చాలా భాగం అప్పు మీద నడిచింది. 1990-91లో కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో 8 శాతం దరిదాపుల్లో, కరెంటు ఖాతా లోటు సుమారు 3 శాతం ఉన్నాయి. అప్పుల్లో స్వల్పకాలిక వాణిజ్య రుణాలు, ప్రవాస భారతీయుల డిపాజిట్లు పెరిగాయి. నమ్మకం సడలగానే ముందుగా వెనక్కి వెళ్లేవి ఇవే. 1991 ఏప్రిల్-జూన్ మధ్య ప్రవాసుల ఖాతాల నుంచి సుమారు 95 కోట్ల డాలర్లు తరలిపోయినట్లు అంచనా.

రాజకీయ అనిశ్చితి దీనికి తోడైంది. చంద్రశేఖర్ ప్రభుత్వం ఫిబ్రవరిలో పూర్తి బడ్జెట్ పెట్టలేకపోయింది, మార్చిలో రాజీనామా చేసింది. మే 21న మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ హత్య జరిగింది.

నిల్వలు, దిగుమతుల కట్టడి

నిల్వలు ఎంతకు పడిపోయాయన్నదానిపై లెక్కలు కలవవు. తీసుకున్న తేదీని బట్టి, బంగారాన్ని కలిపారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. బంగారం కాకుండా 100 కోట్ల డాలర్లకు అటూ ఇటూ, అంటే రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా అనేది ఎక్కువమంది అంగీకరించేది. రిజర్వు బ్యాంకు దిగుమతిదారుల ముందస్తు నగదు జమను 1990 అక్టోబరులో 50 శాతంగా విధించి, 1991 ఏప్రిల్ నాటికి 200 శాతానికి పెంచింది. యంత్రపరికరాలు వంటివి మినహా, లక్ష రూపాయల సరుకు తెప్పించుకోవాలంటే రెండు లక్షలు ముందుగా బ్యాంకులో కట్టాలి. ముడిసరుకు అందక కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. 1991-92లో వృద్ధి సుమారు ఒక శాతానికి పడిపోవడంలో ఈ కట్టడి పాత్ర తక్కువేమీ కాదు.

బంగారం

“67 టన్నుల బంగారం తాకట్టు పెట్టారు” అనే మాట ప్రచారంలో ఉంది. నిజానికి ఇవి రెండు వేర్వేరు లావాదేవీలు. మే నెలలో, చంద్రశేఖర్ ఆపద్ధర్మ ప్రధానిగా ఉండగా, ప్రభుత్వం స్మగ్లర్ల నుంచి పట్టుకున్న బంగారంలో 20 టన్నులను స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌కు చెందిన యూనియన్ బ్యాంకుకు ఇచ్చింది. తిరిగి కొనుక్కునే హక్కు ఉంచుకున్న విక్రయం ఇది, తాకట్టు కాదు. అసలైన తాకట్టు జులైలో జరిగింది. రిజర్వు బ్యాంకు 46.91 టన్నులను నాలుగు విడతలుగా విదేశాలకు పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి సుమారు 40 కోట్ల డాలర్లు తీసుకుంది. సన్నాహాలు అంతకుముందు ప్రభుత్వ కాలానివి, తరలింపు మాత్రం ప్రధానిగా పి.వి. నరసింహారావు ప్రమాణస్వీకారం (జూన్ 21) తరువాతిది. కాబట్టి నిందనో ఘనతనో ఒక్క ప్రభుత్వానికే కట్టబెట్టడం న్యాయం కాదు. ఆ అప్పు అదే ఏడాది నవంబరు నాటికి తీరిపోయింది.

రూపాయి, లైసెన్సులు

జులై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. డాలరు ధర 21 రూపాయల నుంచి 26కు దగ్గరైంది. తగ్గింపు 18 శాతమని కొందరు, 23 శాతమని కొందరు రాస్తారు. మొదటిది రూపాయి కోల్పోయిన విలువ, రెండోది డాలరుకు పెరిగిన ధర. రెండో విడతను ఆపించాలని ప్రధాని చివరి ఘడియలో భావించారని, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ఫోన్ చేసేసరికే రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్ ఆ పని ముగించేశారని చెబుతారు. వివరాల్లో తేడాలున్నా ఈ కథనాన్ని తోసిపుచ్చడానికి కారణం లేదు.

జులై 24న బడ్జెట్‌తో పాటు అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం లోక్‌సభ ముందుకొచ్చింది. 18 పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉండడం ఇక్కడ గమనించదగ్గది. ఈ మార్పులు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) రాయించినవని ఒక వాదం, మన్మోహన్ మేధస్సు అని మరొకటి. అయితే ప్రభుత్వ ఆర్థిక నిపుణుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియా సిద్ధం చేసిన పత్రం వంటివి 1990 నుంచే ఢిల్లీ కార్యాలయాల్లో ఉన్నాయి. మెజారిటీ లేని సభలో వాటిని గట్టెక్కించిన నేర్పు పి.వి.దే అనే అభిప్రాయం బలమైనదిగా కనిపిస్తుంది. అప్పటికి ఆయన ఆ సభలో సభ్యుడు కూడా కారు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు.

ఎరువుల ధరలు

సంస్కరణల చరిత్రల్లో తక్కువ చోటు దక్కిన అంశమిది. బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచారు; సొంత పక్షం సభ్యులే అభ్యంతరం చెప్పడంతో దాన్ని 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై నియంత్రణ ఎత్తివేసి, యూరియాను మాత్రం నియంత్రిత ధరలోనే ఉంచారు. డీఏపీ వంటి భాస్వరం ఎరువులు, పొటాష్ భారమైన రైతు యూరియా వైపు మళ్లాడు. నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం నిష్పత్తి 1991-92లో సుమారు 5.9:2.4:1 కాగా, మరుసటి ఏడాది 9.5:3.2:1కి చేరింది, దేశ సగటుకు మేలైనదిగా చెప్పేది 4:2:1. నేల ఆరోగ్యానికి ఇది పెద్ద దెబ్బ. 2010లో తెచ్చిన పోషకాల ఆధారిత సబ్సిడీ పథకంలోనూ యూరియాను చేర్చలేదు.