ఒక దుంప - తొమ్మిది పేర్లు

నాలుగేళ్ల కిందట వేసవిలో నా స్నేహితురాలొకామె పాత చీరముక్కలో చుట్టి ఒక దుంప తెచ్చిచ్చింది. చూడబోతే పెండలమూ కాదు, చేమదుంపా కాదు. వేలంత లావున రెండు కొమ్ములు, మధ్యలో విరిచి మడిచినట్టు వంపు. "పువ్వు చూశావంటే మతిపోతుందనుకో. పేరు గ్లోరియోసా. నర్సరీలో మూడు కొన్నాను, నీకొకటి" అంది.

మావారు పేపర్లోంచి తల ఎత్తి "పులుసులోకా?" అన్నారు.

ఆయన హాస్యాలకి నవ్వడం నాకు ఎన్నేళ్లుగానో అలవాటు. ఆ రోజూ నవ్వేశాను. ఆ మాటలో ఎంత ప్రమాదం ఉందో ఆయనకెలాగూ తెలీదు. తెలిసి ఉండవలసిన నాకూ తెలీలేదు, అదీ విచిత్రం.

దుంపను నాటడంలో పెద్ద విద్యేమీ లేదు గాని, ఒక్క జాగ్రత్త ఉంది. కొమ్ము కొసన ఒకే ఒక్క కన్ను ఉంటుంది. అది విరిగిందా, ఆ కొమ్ము మరి మొలకెత్తదు. బంగాళాదుంపలాగా ముక్కలు కోసి పాతేద్దామంటే కుదరదన్నమాట. సగం ఇసుక, చివికిన పేడ ఎరువు కలిపిన మట్టిలో, రెండు మూడంగుళాల లోతున, పడుకోబెట్టి పాతాలి. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. నేను రోహిణికార్తెలో పాతాను. రెండు వానలు పడేసరికి ముక్కు బైటపెట్టింది. తర్వాత నేను గమనించింది ఏమిటంటే, దీనికి కాకరతీగకి మల్లే విడిగా నులితీగలు లేవు. ఆకు కొసే సన్నగా సాగి, చుట్ట చుట్టుకుని, అందిన పుల్లని పట్టుకుంటుంది. ఆకుతోనే చెయ్యి చాస్తుందండీ!

శ్రావణమాసంలో మొగ్గ వేసింది. మొగ్గ తల వంచుకుని ఉంటుంది. విచ్చుకున్నాక మాత్రం ఆరు రేకులూ వెనక్కి, పైకి లేచి నిలబడతాయి. మొదటిరోజు ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత అడుగున పసుపూ అంచున ఎరుపూ, చివరికి అంతా ఎరుపే. రేకుల అంచులు నొక్కులు నొక్కులుగా ఉండడంతో గాలికి ఊగినప్పుడు అచ్చం కుంపట్లో మంట లేచినట్టే ఉంటుంది.

ఆ పువ్వు పూర్తిగా ఎర్రబడిన రోజున, కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. నా కుడిచేతి మీద ఎవరో చురుక్కుమని కొట్టినట్టు అనిపించింది. అరవై ఏళ్ల నాటి దెబ్బ అది.

మా అమ్మమ్మగారి ఊళ్లో పొలం దారిన బొమ్మజెముడు కంచె ఉండేది. వానాకాలంలో ఆ ముళ్లమీదికి ఇదే తీగ పాకి పూసేది. నాకప్పుడు ఆరో ఏడో. కోసుకుందామని చెయ్యి చాచాను. అమ్మమ్మ నా చేతిమీద ఒక్కటి వేసింది. ఆవిడ నన్ను కొట్టడం ముందూ లేదు, వెనకా లేదు. "ముట్టుకోకే! నాభి అది, నాభి!" అంది. ఇంటికొచ్చాక చింతపండు పెట్టి నా చేతులు తోమి కడిగింది. నేను పువ్వునసలు ముట్టుకోనే లేదు.

ఆ నాభినే గ్లోరియోసా అనే పేరుతో నేను నా ఇంటికి తెచ్చుకుని, కుండీలో పెట్టి, నీళ్లుపోసి పెంచాను!

అక్కణ్నుంచి నాకు దీని పేర్ల పిచ్చి పట్టుకుంది. దొరికినవన్నీ చదివాను. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన 'భావప్రకాశం'లో ఈ మొక్కకి వరసగా తొమ్మిది పేర్లున్నాయి. కలిహారి, హలిని, లాంగలి, శక్రపుష్పి, విశల్య, అగ్నిశిఖ, అనంత, వహ్నివక్త్ర, గర్భనుత్. హలమన్నా లాంగలమన్నా నాగలి. దుంప చూస్తే అచ్చం నాగలి వంపే, ఆ పేరు పెట్టినవాడు తవ్వి చూసినవాడే. అగ్నిశిఖ, వహ్నివక్త్ర పువ్వుని చూసి పెట్టినవి. శక్రపుష్పి అంటే ఇంద్రుడి పువ్వు. విశల్య అంటే ఒంట్లో గుచ్చుకున్న ములుకుని బైటికి తీసేది. ఇక చిట్టచివరిది, గర్భనుత్. గర్భాన్ని నెట్టేసేది.

ఆ చివరి పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముందు పేర్లన్నీ దూరంనుంచి చూసినవాళ్లు పెట్టి ఉండొచ్చు. ఈ పేరు మాత్రం తలుపులు మూసిన పురిటిగదిలోంచి వచ్చింది. సుశ్రుతసంహిత శారీరస్థానంలో, కాన్పయ్యాక మాయ పడకపోతే లాంగలి వేరు ముద్దని బాలింత అరచేతులకీ అరికాళ్లకీ పట్టించమని ఉంది. కడుపులోకి ఇవ్వమనలేదు, చూశారా! అరికాలికి రాయమన్నారు. అంత భయం దానంటే. ఆయుర్వేదంలో దీన్ని ఉపవిషాల్లో చేర్చారు. వాడవలసి వస్తే ముందు ఒక రోజంతా గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చెయ్యాలన్నారు. (ఇవన్నీ చరిత్ర కోసం చెబుతున్న మాటలు సుమండీ. ఎవరూ చిట్కా అనుకుని ప్రయోగాలు చెయ్యకండి.)

అయితే శాస్త్రం అరికాలికి రాయమన్న దాన్ని, లోకంలో ఎందరు ఆడవాళ్లు ఇంకోలా వాడి ఉంటారో! అమ్మమ్మ వాళ్ల వీధి చివర ఒకావిడ ఉండేది. ఎప్పుడు చూసినా తలమీద కొంగు చుట్టుకునే ఉండేది. ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయాడట. తర్వాత ఏదో జబ్బు చేసి, వారంపాటు వాంతులై, చావు తప్పి బతికిందట. బతికాక పదిహేను రోజుల్లో తలమీది జుట్టంతా చేతికి ఊడి వచ్చేసిందట. అమ్మవారి కోపమని ఊరంతా అనుకున్నారు. జుట్టు మళ్లీ వచ్చిందిగాని, కొంగు చుట్టుకోవడం ఆవిడకి అలవాటై పోయింది. నాకు పెళ్లయి, పెద్దది కడుపులో ఉన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది, "అమ్మవారూ లేదు, ఎవరూ లేదు. ఆ పిచ్చిది నాభిదుంప మింగింది. ఎందుకో నువ్వడక్కు, నేను చెప్పను" అని. నేనూ అడగలేదు. అప్పటికి అడగనక్కర్లేని వయసొచ్చింది.

అదే పువ్వు తమిళులకి ఎంత ముద్దో వినండి. వాళ్లు కాందళ్ అంటారు. కపిలర్ అనే సంగం కవి 'కుఱింజిప్పాట్టు'లో కొండపిల్లలు స్నానంచేసి పువ్వులు కోసుకొచ్చి బండమీద రాశిపోసిన ఘట్టం ఉంది. తొంభైతొమ్మిది పువ్వుల పేర్లు వరసగా వస్తాయి. అందులో మొట్టమొదటిది ఎర్ర కాందళే. ఆడవాళ్ల వేళ్లని కాందళ్ రేకులతో పోల్చడం సంగం కవులకి మహా ఇష్టం. ఈనాడు తమిళనాడు రాష్ట్రపుష్పం కూడా ఇదే. దుంపని మాత్రం వాళ్లూ కలప్పై కిళంగు అనే అంటారు, అంటే నాగలిదుంప. పువ్వు కవిది, దుంప రైతుది!

కేరళలో దీన్ని మేందోన్ని అంటారు. మలబారులో డచ్చివారి అధికారి వాన్ రీడ్ అనే ఆయన ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడి సాయంతో, ఇంకా ముగ్గురు కొంకణి బ్రాహ్మణుల సాయంతో అక్కడి మొక్కలన్నిటికీ బొమ్మలు గీయించి, 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాల గ్రంథం అచ్చు వేయించాడు. అందులో మన దుంప మెందోని పేరుతోనే ఉంది. దాని ఆధారంగా ఐరోపాలో కొంతకాలం దీన్ని మెథోనికా అన్నారు. తర్వాత లిన్నేయస్ వచ్చాడు. లాటిన్, గ్రీకు కాని పేర్లంటే ఆయనకి సరిపడదు. 1753లో ఆయన పుస్తకంలో ఇది గ్లోరియోసా సూపర్బా అయి కూర్చుంది. ఘనమైనది, అతిశయమైనది అని రెండు పొగడ్తలు ఒకదాని వెనక ఒకటి. ఆయన దృష్టంతా పువ్వు మీదే ఉందని పేరే చెబుతోంది. నాగలి పోయింది, నాభి పోయింది, పురిటిగది పోయింది.

పొగడ్త పేరు వచ్చాక దర్జా రాకుండా ఉంటుందా! ఆఫ్రికాలోనూ ఇది సొంతంగా పెరిగే మొక్కే. 1947లో ఎలిజబెత్ రాకుమారి తల్లిదండ్రులతో దక్షిణ రొడీషియా వెళ్లినప్పుడు, ఆమె ఇరవై ఒకటో పుట్టినరోజుకని అక్కడి బడిపిల్లలు చిల్లర పోగుచేసి ఈ పువ్వు ఆకారంలో రవ్వల బ్రోచ్ చేయించి ఇచ్చారు. 1952 ఫిబ్రవరిలో తండ్రి పోయాడన్న కబురు విని కెన్యానుంచి మహారాణిగా లండన్‌లో విమానం దిగినప్పుడు ఆమె నల్లకోటు మీద పెట్టుకున్నది అదే. నల్లకోటుమీద నిప్పుపువ్వు! ఆ రొడీషియానే 1980లో జింబాబ్వే అయింది. దొరల పేర్లు ఎన్నో మారాయిగాని, పువ్వు మాత్రం ఆ దేశపు జాతీయపుష్పంగా నిలిచిపోయింది.

ఇక్కడితో ఆపితే ఇది పువ్వు కథే. కాని నాకు ఆ కొంగు చుట్టుకున్నావిడ జుట్టు ఎందుకూడిందో తెలుసుకోవాలని ఉండేది.

ఐరోపావాళ్లకి కాల్చికం అనే దుంపమొక్క ఒకటుంది. కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా భరించలేని గౌట్ నొప్పికి ఎంతోకాలంగా దాన్నే మందుగా వాడేవారు. 1820లో ఫ్రాన్సులో అందులోంచి విడదీసిన పదార్థానికి కాల్చిసిన్ అని పేరొచ్చింది. 1915లో ఇంగ్లండు రసాయనశాస్త్రజ్ఞులు మన నాభిదుంపని పరీక్షిస్తే, లోపల అదే కాల్చిసిన్! ఈ కాల్చిసిన్ చేసే పని ఒకటే. ఒంట్లో ఒక కణం రెండుగా చీలి పెరగబోతుంటే, చీలకుండా ఆపేస్తుంది. మన ఒంట్లో ఎడతెరిపి లేకుండా కణాలు పెరిగే చోట్లేమిటి? పేగుల లోపలిపొర, ఎముకల్లో నెత్తురు తయారయ్యే మూలుగ, జుట్టు కుదుళ్లు. కడుపులో బిడ్డ సరేసరి. ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత జుట్టూడడం, అన్నీ ఆ ఒక్క పనికే జరుగుతాయి. దీనికి తిరుగులేని విరుగుడు మందంటూ ఈనాటికీ ఆస్పత్రుల్లో అందుబాటులో లేదు. ఆవిడ బతకడం ఆవిడ అదృష్టం. అమ్మవారు మధ్యలో ఊరికే మాటపడింది.

అదే గుణాన్ని పట్టుకుని 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ అనే శాస్త్రజ్ఞుడు కాల్చిసిన్‌తో మొక్కల్లో క్రోమోజోముల సంఖ్య రెట్టింపు చెయ్యవచ్చని చూపించాడు. ఆ కిటుకుతో జపానులో కిహారా గింజల్లేని పుచ్చకాయ పుట్టించాడు. మా మనవరాలు వేసవంతా తినే పుచ్చకాయకీ, ఆవిడ చుట్టుకున్న కొంగుకీ బంధుత్వం ఉందంటే మీరు నమ్ముతారా? నేను రెండురోజులు నమ్మలేదు.

ఇప్పుడు తమిళనాడులో ధారాపురం, ఒడ్డంఛత్రం చుట్టుపక్కల రైతులు దీన్ని పంటగా వేస్తున్నారు. దుంపకంటే గింజకి గిరాకీ. ఈ పువ్వులో కేసరాలు ఒకవైపు, కీలం పక్కకి విరిగినట్టు వంగి మరోవైపు ఉండడంతో తనంతట కాయ సరిగా పట్టదు. తెల్లవారుజామున లేచి పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అంటించాలి. ఆ పనిలో ఎక్కువమంది ఆడకూలీలే. కొండపిల్లలు బండమీద రాశిపోసిన కాందళ్లని ఇప్పుడు వీళ్లు ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోతున్నారు, రోజుకూలికి.

నా కుండీ సంగతి చెప్పలేదు కదూ. మనవరాలికి అప్పుడు మూడేళ్లు. దొరికిందల్లా నోట్లో పెట్టే వయసు. అమ్మాయి "పీకి పారెయ్యమ్మా" అంది. మావారు మాత్రం, అసలు పులుసులోకి అన్న మనిషి, "ఉండనీ, ఎంత బాగుందీ" అన్నారు. చివరికి కుండీని డాబామీద ఇనపతలుపు అవతల పెట్టి తాళం వేశాను. తీగ ముట్టుకోవాలంటే చేతులకి తొడుగులు. కార్తీకం వెళ్లేసరికి తీగ పసుపెక్కి ఎండిపోతుంది. అప్పుడు నీళ్లు మానేసి, దుంప తవ్వి తీసి, ఎండిన ఇసుకలో దాచాలి. పాతదుంప వట్టిపోయి దాని స్థానంలో కొత్తది ఊరి ఉంటుంది. ఆ డబ్బా వంటింటి ఛాయలకి కూడా రానివ్వను. అల్లం, పసుపుకొమ్ముల పక్కన పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మొన్న పక్కింటి కోడలొచ్చి, పోయినేడు మా డాబామీద చూసిన పువ్వు దుంప కావాలని అడిగింది. ఒకటి కాగితంలో చుట్టి, పైన పెద్దక్షరాలతో 'నాభి' అని రాసిచ్చాను.

"ఇదేం పేరు పిన్నిగారూ, బావులేదు. మా కుండీలన్నిటికీ ఇంగ్లీషు పేర్లతో చీటీలున్నాయి, గ్లోరియోసా అని రాసుకుంటాలెండి" అంది.

ఆ అమ్మాయికి చంటిపిల్లాడు. దుంప వెనక్కి తీసుకుని, "కూర్చోమ్మా, కాఫీ కలుపుతాను. ముందు మా అమ్మమ్మ నన్ను కొట్టిన సంగతి చెబుతాను" అన్నాను.